చిన్న తెల్ల పుట్టగొడుగు పేరు తేల్చాలంటే: ఫోన్ యాపా, సిద్ధబీజాల ముద్రా?

తొలకరి పడ్డాక పచ్చికలో మొలిచే తెల్ల పుట్టగొడుగులన్నీ పైనుంచి ఒకేలా కనిపిస్తాయి గనుక చాలామంది ఫోన్ యాప్‌ను ఆశ్రయిస్తున్నారు. నేను మాత్రం సిద్ధబీజాల ముద్రనే, అంటే గొడుగు అడుగు నుంచి విత్తనాల్లా రాలే సన్నని పొడి కాగితంపై వేసే అచ్చునే, ఎక్కువగా నమ్ముతాను.

ఖర్చు: రెండింటికీ పెద్దగా లేదు.

శ్రమ: యాప్‌కు ఒక ఫోటో చాలు. ముద్రకైతే విచ్చుకున్న గొడుగును కాడ కోసేసి, మొప్పలు (గొడుగు అడుగున ఉండే పలచని రేకులు) కిందికి ఉండేలా సగం తెలుపు, సగం నలుపు కాగితంపై పెట్టి, గాజు గ్లాసు బోర్లించి, రాత్రంతా ఆగాలి. ఉదయం ఎత్తి చూస్తే మొప్పల గీతలు సన్నని పొడిగా అచ్చుపడి ఉంటాయి. చెదపుట్టల దగ్గర వందలుగా మొలిచే చిట్టి పుట్టగొడుగులకు ఆ పొడి లేత గులాబీ రంగు. విషపూరితమైన క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్‌కు ఆకుపచ్చ. లేతగా ఉన్నప్పుడు దీని మొప్పలూ తెల్లగానే ఉంటాయి కాబట్టి ఫోటోలో ఈ తేడా దొరకదు.

ప్రమాదం: యాప్ చెప్పిన పేరును నమ్మి వండుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. ముద్ర కూడా పూర్తి భరోసా కాదు. ఐరోపా పచ్చికల్లో మస్కరిన్ విషమున్న క్లైటోసైబీ రివ్యులోసాకూ, తినదగిన స్నోయీ వాక్స్‌క్యాప్‌కూ ముద్ర తెలుపే. అక్కడ మొప్పలు ఒత్తుగా ఉన్నాయా, ఎడంగా ఉన్నాయా అని చూడాలి.

అనువు: కుతూహలానికైతే యాప్, రెండు మూడు జాతుల మధ్య తేల్చడానికైతే ముద్ర సరిపోతాయి. కూరకైతే రెండూ చాలవు. ఆ నేలలో ఏళ్లుగా పుట్టగొడుగులు ఏరుతున్నవారు చేతిలోకి తీసుకుని చూసి చెప్పాలి.