జాగ్రత్త: గన్‌షోలో చవకగా దొరికిన జేబు పిస్టల్

డాలస్ చుట్టుపక్కల దుకాణాలు, గ్యాస్ స్టేషన్లు నడుపుతున్న మనవాళ్ళు చాలామంది పిస్టల్ కొనే ఆలోచనలో ఉన్నారని నాకు వస్తున్న ఫోన్లను బట్టి తెలుస్తోంది. అందరూ అడిగేది ఒకటే: "రెండు మూడు వందల డాలర్లలో, చొక్కా కింద దాచుకునేంత చిన్నది, మంచిది ఏదైనా ఉందా?" నేను కూడా నిరుడు అదే ప్రశ్నతో బయలుదేరాను. 180 డాలర్లకు వచ్చిందని సంబరపడ్డాను. ఆ సంబరం చివరికి ఎంతకు తేలిందో చెబుతాను. తయారు చేసిన కంపెనీ పేరు, అమ్మిన మనిషి పేరు మాత్రం చెప్పను.

నేను, మా బావమరిది కలిసి ఒక గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాం. వారంలో నాలుగు రాత్రులు కౌంటర్ నాదే. నిరుడు చలికాలంలో మా పక్క వీధి దుకాణంలో దోపిడీ జరిగింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు, గల్లాపెట్టెలోని డబ్బు ఇచ్చి బయటపడ్డారు. ఇప్పటికీ అదే సరైన పని అని నేను నమ్ముతాను. కానీ ఆ రాత్రి నుంచి తలుపు గంట మోగినప్పుడల్లా గుండె జారేది. నెల తర్వాత ఒక ఆదివారం గన్‌షోకు, అంటే తుపాకులు అమ్మే సంతకు వెళ్ళాను.

అక్కడ ఒక పెద్దాయన బల్ల మీద అరచేతిలో ఇమిడిపోయే 380 పిస్టల్ కనిపించింది (380 అనేది అందులో పట్టే తూటా రకం). తూటాలు నింపి పిస్టల్ పిడిలోకి దోపే మ్యాగజైన్లు రెండు, పిస్టల్‌ను నడుముకు కట్టుకునే గుడ్డ హోల్‌స్టర్ ఒకటి ఉచితం. ఆయనది దుకాణం కాదు, సొంత వస్తువు అమ్ముకుంటున్న మనిషి. టెక్సస్‌లో అలాంటి సొంత అమ్మకానికి కొనేవాడి నేపథ్య తనిఖీ తప్పనిసరి కాదు. కాగితాలు నింపే పని లేకపోవడం నాకు ఆ పూట పెద్ద సౌకర్యంగా అనిపించింది. డబ్బు ఇచ్చాను, తీసుకున్నాను. రశీదు అడగలేదు. ఆయన పేరు కూడా సరిగా వినలేదు.

మా నాన్న ఎద్దును కొనాలంటే సంతలో పూట గడిచేది. పళ్ళు చూసేవాడు, గిట్టలు తట్టేవాడు, నడిపించేవాడు, నాగలికి కట్టి రెండు సాళ్ళు దున్నించి చూడనిదే బయానా ఇచ్చేవాడు కాదు. ఆయన కొడుకునైన నేను, ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనికి రావాల్సిన వస్తువును పది నిమిషాల్లో కొన్నాను.

మరుసటి శనివారం ఫైరింగ్ రేంజ్‌కు వెళ్ళాను. హెచ్1బీ మీద ఉన్న మా పెద్దమ్మ కొడుకు కూడా సరదాగా కాల్చి చూస్తానని వెంట వచ్చాడు. రేంజ్ వాళ్ళు ఇచ్చిన పత్రంలో వీసా గురించి ప్రశ్న ఉంది. అది చదివాక మావాడు అద్దం వెనకే ఉండిపోయాడు. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను. హెచ్1బీ, ఎఫ్1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా కేంద్ర చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెకు తీసుకుని పది నిమిషాలు చేతిలో పట్టుకున్నా అదే లెక్క. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి కానీ, వాటిని నమ్ముకునే ముందు వకీలును అడగండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధం లేదు. "అన్నయ్యా, నీ పేరు మీద కొని నాకు ఇవ్వు" అని ఎవరైనా అడిగితే మొహమాటపడకండి. మరొకరి కోసం అలా కొనడాన్ని 2022లో వచ్చిన చట్టం విడిగా కేంద్ర నేరం చేసింది, 15 ఏళ్ళ వరకు జైలు. వీసా సంగతి సరేసరి.

ఇక నా పిస్టల్. మొదటి 50 తూటాలు మామూలువి, గుండ్రటి ముక్కు ఉన్నవి. ఆరుసార్లు ఆగిపోయింది. నాలుగుసార్లు పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి ఎగిరిపోకుండా, స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కి వెళ్ళి వచ్చే పై భాగం) మధ్యలో పొగగొట్టంలా నిలబడింది. తర్వాత హాలో పాయింట్ తూటాలు వేశాను. ఆత్మరక్షణకు వాడేవి ఇవే. ముక్కు దగ్గర గుంట ఉండి, తగలగానే విచ్చుకుంటాయి కాబట్టి అవతలి మనిషిని దాటి వెనక ఉన్నవాళ్ళకు తగిలే ప్రమాదం తగ్గుతుంది. 20 తూటాల్లో ఐదు, గొట్టంలోకి ఎక్కే వాలు దగ్గరే ఇరుక్కుపోయాయి. మరో రెండింటికి ట్రిగ్గర్ నొక్కితే "టక్" మన్న చప్పుడు తప్ప ఏమీ జరగలేదు. తీసి చూస్తే తూటా అడుగున, దాన్ని కొట్టి పేల్చాల్సిన పిన్ను గిల్లినట్లు చిన్న గాటు. అలా పేలకపోతే వెంటనే తెరవకూడదు, గొట్టం లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. తూటా ఆలస్యంగా పేలవచ్చు. ఆ సంగతి కూడా నాకు పక్క వరుసలోని రేంజ్ అధికారి చెబితేనే తెలిసింది.

తప్పు మొత్తం పిస్టల్‌దే అనను. ఆయన నా మణికట్టు చూసి, వదులుగా పట్టుకున్నావు అన్నాడు. ఇలాంటి చిన్న పిస్టళ్ళలో స్లైడ్ తేలిక, అది వెనక్కి వెళ్ళాల్సిన దూరం తక్కువ, స్ప్రింగ్ బిగువు ఎక్కువ. చెయ్యి గట్టిగా నిలబడకపోతే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్ళదు, దాంతో ఖాళీ తొడుగు చిక్కుకుంటుంది. అంటే, చేతిలో ముద్దుగా ఇమిడే పిస్టల్ కొత్తవాడికి సులువు అనుకోవడమే తలకిందుల ఆలోచన. చిన్నదయ్యే కొద్దీ ఎదురు తన్ను ఎక్కువ, గురి చూసే ముందు వెనక గుర్తుల మధ్య దూరం తక్కువ, పొరపాటును సహించే ఓపిక అసలు ఉండదు. చేయి తిరిగిన వాళ్ళకు తగిన వస్తువు అది. పైగా 380 తూటా 9 ఎంఎం కన్నా బలహీనం, ధర మాత్రం దానికంటే ఎక్కువ. 9 ఎంఎం లెక్కలేనంత తయారవుతుంది కాబట్టి అది చవక. తూటా చిన్నది కదా, ఖర్చు తగ్గుతుంది అనుకున్న నా తెలివికి నాకే నవ్వు వచ్చింది.

రేంజ్ అధికారి వెళ్ళేముందు ఒక మాట అన్నాడు: "దీని మీద రీకాల్ ఉందేమో చూశావా?" లోపం ఉందని కంపెనీ వస్తువును వెనక్కి పిలవడమే రీకాల్. చూడలేదు. ఇంటికి వచ్చి క్రమసంఖ్యను కంపెనీ వెబ్‌సైటులో కొట్టాను. ఉంది! గొట్టంలో తూటాతో ఉండగా కింద పడితే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలే అవకాశం ఉందట. ఆ వారం రోజులూ అది మా పడకగది అలమరలో, పై అరలో ఉంది. మా పాపకు ఏడేళ్ళు. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది. ఆ సాయంత్రమే తాళం పెట్టె కొన్నాను. పిల్లలకు అందేలా తూటాలున్న తుపాకీ వదిలేయడం టెక్సస్‌లో నేరమని కూడా ఆ తర్వాతే చదివాను.

ఇక్కడ ఒక విషయం నన్ను నివ్వెరపరిచింది. రొట్టెలు కాల్చే టోస్టర్‌లో లోపం ఉంటే ఆ కంపెనీ దాన్ని వెనక్కి తీసుకునేలా ప్రభుత్వ సంస్థ ఒత్తిడి చేయగలదు. తుపాకీ విషయంలో దానికి ఆ అధికారం లేదు. 1972లో వచ్చిన వినియోగ వస్తువుల భద్రతా చట్టం తుపాకులను తన పరిధి నుంచి తప్పించింది. కాబట్టి రీకాల్ అనేది చాలావరకు కంపెనీ తనంతట తాను ప్రకటించేదే. మొదటి యజమానికి ఉత్తరం వస్తుందేమో, రెండో మూడో చేతిలో కొన్న మీకు ఎవరూ చెప్పరు. ఇది చవక కంపెనీల సమస్య అని కూడా అనుకోవద్దు. పేరున్న కంపెనీల పిస్టళ్ళే చూడండి: రూగర్ ఎల్‌సీపీకి 2008లో, స్ప్రింగ్‌ఫీల్డ్ ఎక్స్‌డీఎస్‌కు 2013లో రీకాల్ వచ్చింది. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ మీద 2013లో హెచ్చరిక, షీల్డ్ ఈజెడ్ మీద 2020లో రీకాల్ వచ్చాయి. సిగ్ పీ320 కింద పడితే పేలుతోందన్న గొడవ తర్వాత 2017లో ఆ కంపెనీ ఉచిత మార్పిడి ప్రకటించింది. సవరించాక వీటిలో చాలావాటిని జనం ఏళ్ళ తరబడి వాడుతున్నారు. రీకాల్ ఉన్నంత మాత్రాన వదిలేయాలని కాదు, క్రమసంఖ్య చూడకుండా డబ్బు ఇవ్వవద్దని చెబుతున్నాను. ఫోనులో రెండు నిమిషాల పని అది.

కంపెనీకి పంపాను. రవాణా ఖర్చు వాళ్ళదే, ఆ మాట ఒప్పుకోవాలి. ఏడు వారాలు పట్టింది. ఈలోగా మరో భయం పట్టుకుంది: అది దొంగ సొత్తు అయితే? కొన్నానని చూపడానికి నా దగ్గర చిన్న చీటీ ముక్క లేదు. మా ఊరి పోలీసుల అత్యవసరం కాని నంబరుకు ఫోను చేసి క్రమసంఖ్య చెప్పాను. చోరీ జాబితాలో లేదని వాళ్ళు చెప్పేదాకా రెండు రాత్రులు సరిగా నిద్ర లేదు.

తిరిగి వచ్చిన పిస్టల్ కింద పడితే పేలదు, సరే. పిన్ను గాటు కూడా లోతుగా పడుతోంది. కానీ హాలో పాయింట్లు ఇంకా ఇరుక్కుంటూనే ఉన్నాయి. లోపం పిస్టల్‌దా మ్యాగజైన్‌దా తేల్చుకోవడానికి రెండు మ్యాగజైన్ల అడుగున గోరుతో గీసినంత సన్నగా మేకుతో గుర్తులు పెట్టాను, ఒకదానికి ఒక గీత, రెండో దానికి రెండు గీతలు. రెండు గీతల మ్యాగజైన్ పెదవులు, అంటే తూటాను పట్టి ఉంచే పై అంచులు, కొంచెం విచ్చుకున్నాయని తేలింది. దాన్ని పక్కన పెడితే సగం బాధ తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది. సగం నమ్మకంతో నడుముకు కట్టుకుని తిరిగే వస్తువా ఇది?

ఉచితంగా వచ్చిన గుడ్డ హోల్‌స్టర్ గురించి చెప్పకపోతే పాపం. పిస్టల్ బయటికి తీయగానే అది నలిగి మూతి మూసుకుపోతుంది. తిరిగి దోపేటప్పుడు గుడ్డ మడత ట్రిగ్గర్ దగ్గరికి వెళితే తొడలోకి కాల్చుకున్నట్లే. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్, ఆ నమూనాకే చేసింది, 45 డాలర్లకు దొరుకుతుంది. 300 డాలర్ల పిస్టల్‌కు 15 డాలర్ల తొడుగు కొనకండి.

రెండోసారి లైసెన్సు ఉన్న దుకాణంలో, వాడిన షీల్డ్ 9 ఎంఎం తీసుకున్నాను, 290 డాలర్లు. పోలీసులు వాడి మార్చేసిన పాత గ్లాక్ కంపెనీ పిస్టళ్ళు కూడా చూశాను. 40 క్యాలిబర్‌వి ఇంకా చవక, ఎందుకంటే పోలీసు శాఖలు చాలావరకు తిరిగి 9 ఎంఎంకు మారిపోయాయి. కానీ 40కి తన్ను ఎక్కువ, తూటాల ఖర్చూ ఎక్కువ. నా బోటివాడు సాధన మానేస్తాడు. ఈసారి మా నాన్నలా కొన్నాను. దుకాణదారుడి అనుమతితో, తూటా లేదని ఇద్దరం రెండుసార్లు చూసుకుని, స్లైడ్ విప్పించాను, గొట్టంలోకి దీపం వేసి చూశాను, మ్యాగజైన్ పెదవులు వేలితో తడిమాను. మళ్ళీ బిగించాక, ఖాళీ అని ఇంకోసారి చూసి, గొట్టాన్ని నిలువుగా పట్టుకుని రబ్బరు కొన కిందికి ఉండేలా పెన్సిల్ జారవిడిచి ట్రిగ్గర్ నొక్కితే, పెన్సిల్ ఎగిరి బయటికి వచ్చింది. పిన్ను బలంగా కొడుతోందనడానికి అది మోటు పరీక్ష. క్రమసంఖ్య అక్కడే నిలబడి చూసుకున్నాను. రశీదు మీద తేదీ, క్రమసంఖ్య రాయించుకున్నాను. ముప్పై రోజుల్లో లోపం తేలితే తిరిగి తీసుకుంటానన్న మాట కూడా అదే కాగితం మీద.

చాలామంది శిక్షకులు చెప్పే లెక్క, మామూలు తూటాలు 200, మీరు వెంట ఉంచుకోబోయే రకం తూటాలు 50, ఒక్కసారి కూడా ఆగకుండా కాల్చాకే నడుముకు కట్టమని. దానికే సుమారు 120 డాలర్లు అయింది. కాబట్టి మీ చేతిలో 500 ఉంటే పిస్టల్‌కు 300 మించి పెట్టకండి, మిగతాది తూటాలకు, హోల్‌స్టర్‌కు, తాళం పెట్టెకు పోతుంది. 300 మాత్రమే ఉంటే ఇంకో మూడు నెలలు ఆగండి. ఆ మూడు నెలలు దుకాణం బయట దీపాలు బాగుచేయించి, గల్లాపెట్టెలో డబ్బు తక్కువ ఉంచితే దానివల్ల వచ్చే రక్షణ కూడా తక్కువేమీ కాదు.

లైసెన్సు సంగతి: టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు దాటి, చట్టపరమైన అడ్డంకులు లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. అయినా నేను 40 డాలర్లు కట్టి తీసుకున్నాను. బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకీతో ఉండటాన్ని కేంద్ర చట్టం నిషేధిస్తుంది, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. మా పాప బడి మా దుకాణం వెళ్ళే దారిలోనే ఉంది. లైసెన్సు ఉన్నా పోస్టాఫీసులోకి తీసుకువెళ్ళకూడదు, తలుపు మీద ఎర్ర అక్షరాల్లో 51 శాతం అని (రాబడిలో సగానికి పైగా అక్కడే తాగే మద్యం నుంచి వస్తుందని దాని అర్థం) రాసి ఉన్న బార్లలోకి అసలే కాదు.

పాత పిస్టల్‌ను తెలిసినవాళ్ళకు అంటగట్టడానికి మనసు ఒప్పలేదు. ఊళ్ళో ఒక తాకట్టు దుకాణంలో లోపాలన్నీ విడమరిచి చెప్పి, రెండు గీతల మ్యాగజైన్ పారేయమని కూడా చెప్పి 90 డాలర్లకు ఇచ్చేశాను. పోయిన వారం అటువైపు పని పడి లోపలికి తొంగి చూశాను. అద్దాల పెట్టెలో అదే పిస్టల్, ధర చీటీ మీద 189 డాలర్లు, పక్కన "తక్కువ వాడినది, రెండు మ్యాగజైన్లు" అన్న రాత. చూపించమని అడిగి తిప్పి చూశాను. ఒకదాని అడుగున ఒక గీత, రెండోదాని అడుగున రెండు.