రేటు పెంచాలా, ఏసీ తగ్గించాలా?

సాయంత్రం ఏడు. సోలార్ కరెంటు ఆగిపోతుంది, ఇంటింటా ఏసీలు మొదలవుతాయి. వాడకం ఒక్కసారిగా పెరిగే ఈ వేళను, అంటే పీక్‌ను, తట్టుకోవడానికి కరెంటు సంస్థలకు రెండు దారులున్నాయి.

మొదటిది వేళను బట్టి రేటు. కేంద్రం 2023లో సవరించిన నిబంధనల ప్రకారం, ఏ వేళ ఎంత వాడామో నమోదు చేసే స్మార్ట్ మీటరున్న ఇళ్లకు పీక్‌లో రేటు మామూలు కన్నా కనీసం 10 శాతం ఎక్కువ, ఎండ వేళ కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. వాషింగ్ మెషిన్, నీళ్ల మోటారు మధ్యాహ్నానికి జరపొచ్చు. కానీ రాత్రి ఉక్కపోతను మధ్యాహ్నానికి జరపలేం కదా! పైగా పగలంతా ఆఫీసులో ఉండేవాళ్లకు మోటారు వేసేదెవరు?

రెండోది కరెంటు సంస్థల తరఫునే మన ఏసీని తగ్గించడం; ఇది అమెరికాలోని టెక్సస్‌లో కనిపిస్తుంది. మీరు స్కీములో చేరితే, పీక్ వచ్చినప్పుడు ఇంటర్నెట్ ద్వారా మీ థర్మోస్టాట్‌ను, అంటే ఏసీ ఎంత చల్లబరచాలో నిర్ణయించే పరికరాన్ని, కొన్ని డిగ్రీలు పెంచుతారు. చేరినందుకు ఏదో కొంత ప్రోత్సాహకం ఇస్తారు. 2021 జూన్‌లో ఇలాగే ఇల్లు వేడెక్కిందని కొందరు గగ్గోలు పెట్టారు. ఎప్పుడో ఒప్పుకున్న సంగతి గుర్తుంటే కదా!

గ్రిడ్‌కు, అంటే కరెంటు సరఫరా వ్యవస్థకు, రెండోదే నమ్మకం: ఎంత లోడు తగ్గుతుందో దాదాపు ముందే తెలుస్తుంది. నేనైతే చేరతాను, వద్దనుకున్నప్పుడు ఏసీని మళ్లీ పాత చల్లదనానికి తెచ్చుకునే బటన్ నా చేతిలోనే ఉంటే.