పానగల్లు గుడిని 16 గళ్ళల్ల గీసినం: ఐదు నెలలు ఏస్‌ప్రైట్ వాడినంక నా మాట

మాది నల్లగొండ. ఫైనలియర్ ప్రాజెక్టు కింద నలుగురం కలిసి ఒక 2డి గేమ్ చేస్తున్నం, అందుల బొమ్మల పని మొత్తం నాది, అంటే గోడలు, చెట్లు, నీళ్ళు, మనుషులు, ఆఖరికి గుడి ముందల పడుకునే కుక్క కూడా నేనే గీయాలె. ఐదు నెలల నుంచి రోజూ ఏస్‌ప్రైట్‌లనే, అంటే చిన్న చిన్న గళ్ళు (పిక్సెల్స్) ఒక్కోటి నింపుకుంట గేమ్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లనే కూసుంటున్న కాబట్టి, మన దిక్కు కాలేజీలల్ల గేమ్ ప్రాజెక్టు పెట్టుకున్న తమ్ముళ్ళు చెల్లెండ్లు ఎవరన్నా కొనాల్నా వద్దా అని ఆలోచిస్తుంటే పనికొస్తదని జర వివరంగ రాస్తున్న. పెట్టిన పైసలకు నాకైతే పూర్తిగ న్యాయం జరిగింది, ఎందుకో చెప్త.

మా గేమ్ల ఒక పిల్ల పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల నీడ వెంట నడుస్తది. ఆ గుడికి పోయినోళ్ళకు తెలుసు, పొద్దు ఎటు జరిగినా గర్భగుడిల పడే స్తంభం నీడ పగలంతా అట్లనే నిలవడి ఉంటది, చిన్నప్పుడు మా నాయనమ్మ తీస్కపోయి చూపిచ్చినప్పటి నుంచి అది నా మనసుల ఉన్నది. అందుకే గేమ్ల వెలుతురు జరుగుతుంటే నీడలనే నిలవడాలె అన్నది ఆట పెట్టుకున్నం. ఐడియా బాగనే ఉంది గానీ ఆ గుడిని స్క్రీన్ మీదికి తెచ్చుడే అసలు కష్టం.

మొదట్ల నేను చేసిన తప్పు చెప్త, మీరు చేయకుండ్రి. మామూలు డ్రాయింగ్ యాప్‌ల పెద్దగ గీసి తర్వాత చిన్నగ చేసిన, అంతా బురద లెక్క అయింది, గీతలు ఏడికాడికి అలుక్కపోయినయ్. తర్వాత ఏస్‌ప్రైట్ ట్రయల్ వేసుకున్న, అందుల సేవ్ కాదు గానీ మిగతా అంతా పని చేస్తది, రెండు రోజులు గీసి చూసినంక కొనేసిన. వాళ్ళ సైటుల 19.99 డాలర్లు, మన రూపాయల్ల పదిహేను వందలు దాటుతది, స్టూడెంట్లకు చిన్న పైకమేం కాదు, మేం నలుగురం ఏసుకుని ఒక్కటి కొన్నం. పైసల్లేకుంటే ఇంకో తొవ్వ ఉంది, దాని సోర్స్ కోడ్ గిట్‌హబ్‌ల పెట్టిండ్రు, సొంతానికి మీరే కంపైల్ చేసుకుని వాడుకోవచ్చు, కాకపోతే అట్ల చేసింది ఇంకొకరికి పంచొద్దు. కంపైల్ చేయనీకి కావాల్సిన సీమేక్, స్కియా అవన్నీ సెట్ చేసుకునుడు కొత్తోళ్ళకు ఒక రాత్రి పని. అది కూడా వద్దంటే లిబ్రెస్ప్రైట్ ఉంది, ఏస్‌ప్రైట్ 2016ల లైసెన్స్ మార్చక ముందు ఉన్న కోడ్ నుంచి తీసి చేసింది, మొత్తం ఫ్రీ.

ఇగ సైజు సంగతి. మేం టైల్, అంటే పక్కపక్కన పేర్చి సీన్ నింపే చదరపు ముక్క, 16x16 పిక్సెల్స్, స్క్రీన్ 320x180 పెట్టుకున్నం. ఎందుకంటే 320x180ని 4తోని పెంచితే సరిగ్గ 1280x720, 6తోని పెంచితే 1920x1080, ఎక్కడా సగం పిక్సెల్ రాదు. అడ్డం 20 టైల్స్ పడ్తయ్, నిలువు మాత్రం 11 టైల్స్ మీద ఇంకో పావు, ఆ పావు టైల్ మాకు మస్తు తిప్పలు పెట్టింది, నేల ఎప్పుడు చూసినా కోసినట్టు కనవడేది. ఆఖరికి ఆ పావును పైన ఆకాశంల కలిపేసినం.

ఒక్క స్తంభం గురించి చెప్పాలె. అసలు గుడిల స్తంభం దగ్గర నిలవడితే చెక్కుడు పని చూసి కండ్లు తిప్పుకోలేం, నాకేమో 16 పిక్సెల్స్ వెడల్పు, 48 ఎత్తు ఉంది. ఫోటో ముందల పెట్టుకుని అన్నీ గీయబోతే ఏం లేకుండ పోయింది. అప్పుడు గుడికి పోయి దూరం నుంచి కండ్లు సగం మూసి చూసిన. అడుగున చదరపు దిమ్మె, నడుమ గుండ్రని కట్లు, మీద బోదె, గీ మూడే కనవడ్డయ్. ఆ మూడే గీసిన, నాలుగే రంగులు పెట్టిన. నీడకు నలుపు కలపలే, నీలం దిక్కు జరిపిన, వెలుతురు పడే అంచును పసుపు దిక్కు జరిపిన, రాయికి ప్రాణం వచ్చినట్టు అయింది. ఏస్‌ప్రైట్‌ల షేడింగ్ ఇంక్ అని ఉంటది, ఆ నాలుగు రంగులు వరుసగ పెట్టుకుంటే బ్రష్ తాకిన కాడల్లా ఒక మెట్టు చిక్కగనో పల్చగనో అయితది, రాయి పనికి అంతకన్నా మంచి సాధనం నాకు దొరకలే.

పిల్ల చీర అంచు గీసేటప్పుడు ఇంకో సంగతి తెలిసింది. మా టీంల ఒకడిది గట్టుప్పల్, వాళ్ళింట్ల మగ్గం ఉంది. వాళ్ళ బాపును మేం కాకా అంటం, డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపి, ఆ లెక్క ప్రకారం దారానికి రబ్బరు పట్టీలు కట్టి రంగుల ముంచుతరు. నేను గీసిన అంచు లాప్‌టాప్‌ల చూపిస్తే కాక బొమ్మను చూడలే, గళ్ళు లెక్కపెట్టిండు. "బిడ్డా, ఈ గడి సగం నింపినవేంది, గడిల సగం ఉండదు, ఉంటే రంగు లేకుంటే తెలుపు" అన్నడు. నేను అంచులు మెత్తగ కనవడాలని నడుమ నడుమ తేలిక రంగులు పెట్టిన, 16 వెడల్పు బొమ్మల అవే గలీజుగ కనవడ్తున్నయని నాకు అప్పుడే సమజైంది. ఆ తేలిక రంగులన్నీ తీసేసినం. గీత గీసేటప్పుడు మలుపుల కాడ ఎక్కువ పిక్సెల్ పడకుండ ఏస్‌ప్రైట్‌ల పిక్సెల్ పర్ఫెక్ట్ అని టిక్కు ఉంటది, అది ఎప్పుడూ ఆన్ పెట్టుకోండ్రి.

నడక యానిమేషన్ ఆరు ఫ్రేములు, ఒక్కోటి 100 మిల్లీసెకన్లు, కొత్త ఫ్రేమ్‌కు సాఫ్ట్‌వేర్ ఇచ్చేది కూడా అదే. మొదటిసారి పిల్ల నడుస్తలేదు, జారుతుండె. ఆనియన్ స్కిన్ ఆన్ చేసి ముందటి ఫ్రేమ్ మసకగ చూసుకుంట గీస్తే తెలిసింది, కాళ్ళు కదులుతున్నయ్ గానీ తల ఒక్క ఎత్తుల ఆగింది. కాలు నేలకు ఆనినప్పుడు తలను ఒక్క పిక్సెల్ దించిన, అంతే, నడక అయింది. నడక, దుముకుడు, నిలవడుడు వేర్వేరు ట్యాగ్‌లు పెట్టి ఒక్క స్ప్రైట్ షీట్ (ఫ్రేములన్నీ ఒక్క బొమ్మల పేర్చింది), దాని వెంట ఏ ఫ్రేమ్ ఏడుందో చెప్పే జేసన్ ఫైలు ఎక్స్‌పోర్ట్ చేస్తే మా కోడింగ్ చూసేటోడు అడుగుడు బంద్ చేసిండు.

1.3 వెర్షన్ల వచ్చిన టైల్‌మ్యాప్ లేయర్ మా పని సగం చేసింది. ఒక గోడ రాయిల పగులు గీస్తే ఆ టైల్ ఉన్న ప్రతి కాడ పగులు వస్తది, ఉదయసముద్రం నీళ్ళు అట్లనే చేసిన, రెండు నీలం రంగుల గళ్ళు చదరంగం లెక్క కలిపి నాలుగు టైల్స్‌తోని చెరువు మొత్తం నింపిన.

ఇబ్బందులు కూడా చెప్పాలె. ఇది కంప్యూటర్ల కోసమే, ఫోన్ల నడవదు. మెనూ అక్షరాలు పెద్ద రెజల్యూషన్ స్క్రీన్ మీద చిన్నగ ఉంటయ్, ప్రిఫరెన్సెస్‌ల స్కేలింగ్ పెంచుకోవాలె. తెలుగు బోర్డు కావాలంటే నేను చేత్తోనే గీసిన, "పానగల్లు" అన్నదాంట్ల కింది లావత్తుకు చోటు కావాలె కదా, 16 ఎత్తుల ఇరుకైంది, 20 ఇస్తే చదవొచ్చింది. పెన్ ట్యాబ్లెట్ గురించి అడుగుతరు, నేను ఒక షాపుల అగ్గువకు దొరికిందని కొన్న, వారానికే పెన్ను సరిగ్గ ఆనకుండ అయింది, తిరిగిస్తమంటే తీస్కోలే. ఈ సైజు బొమ్మలకు మౌస్ చాలు, ఆ పైసలు మిగిల్చుకోండ్రి.

ఒక్కటి మర్చిపోవద్దు, బొమ్మలు పీఎన్‌జీలనే తీయాలె. జేపీజీల తీస్తే నాలుగు రంగుల రాయి నలబై రంగులు అయితది. గేమ్ తయారుచేసే గోడాట్ 4 సాఫ్ట్‌వేర్ల ఈ బొమ్మలు పెట్టేటోళ్ళు ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌ల టెక్స్చర్ ఫిల్టర్ నియరెస్ట్ చేయాలె, లేకుంటే ఇంత కష్టపడి గీసింది మసకగ కనవడ్తది, మా గైడ్ సార్ ముందల మొదటి డెమోల మాకు అట్లనే అయింది.

ఇప్పుడు రెండో లెవల్ పిల్లలమర్రి గీస్తున్న, మా టీంల పాలమూరు పిల్ల పట్టుబట్టింది. మర్రి ఊడలు ఏది మొదలో తెల్వకుండ నేలల దిగి ఉంటయ్, 16 గళ్ళ టైల్స్‌ల ఊడ ఊడకు తేడా చూపియ్యాలె. ఇప్పటికి ఏడు ఊడలు గీసిన, ఇంకో నాలుగు కావాలె, వచ్చే ఆదివారం బస్సెక్కి పోయి చెట్టు కింద కూసుని చూసొస్త.