గుడారమా, దేవాలయమా?

బైబిల్లో ఇశ్రాయేలీయుల ఆరాధనలో దేవుని సన్నిధికి రెండు చోట్లు: అరణ్యంలో వెంట మోసుకెళ్లిన ప్రత్యక్ష గుడారం, యెరూషలేములో సొలొమోను దేవాలయం. గుడారం తుమ్మకర్ర పలకలు, మేకవెంట్రుకల తెరలు. దేవుని సన్నిధికి గుర్తుగా గుడారం మీద నిలిచిన మేఘం పైకి లేస్తే అంతా విప్పుకుని బయల్దేరాల్సిందే. ఎక్కడ ఆగాలో నిర్ణయం దేవుడిదే.

దేవాలయం రాయి, దేవదారు, బంగారం. అన్నిటికన్నా లోపలి గది అయిన అతిపరిశుద్ధ స్థలం పొడవు, వెడల్పు, ఎత్తు ఇరవయ్యేసి మూరలు. వైభవం నిజమే. కానీ ఆలయం ఉన్నంతకాలం మనకేం కాదన్న ధీమా జనంలో పాతుకుపోయింది. యిర్మీయా ప్రవక్త ఆలయ గుమ్మంలో నిలబడి మరీ హెచ్చరించాడు. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం దాన్ని తగలబెట్టింది.

నాకైతే గుడారమే దగ్గరగా అనిపిస్తుంది. పది ఆజ్ఞల రాతిపలకలున్న పెట్టె, అంటే మందసాన్ని దేవాలయంలోకి చేర్చాక కూడా దాని మోతకర్రలు తీయలేదు, మళ్లీ బయల్దేరాల్సి ఉన్నట్టు. అవి ఎంత పొడవంటే, లోపలి గది ముందు నిలబడితే వాటి కొనలు కనిపించేవి.