ఎత్తు పెంచిన పికప్‌కు వెనక ఎయిర్ బ్యాగులు: కొన్ని మిర్చి సీజన్ల తర్వాత

ఎత్తు పెంచిన పికప్‌కు లోడు వేస్తే వెనక భాగం కూర్చుండిపోకుండా సపోర్ట్ వేయించాలనుకునేవాళ్లు షాపులో మొదట అడిగేది "ఎన్ని కిలోలు మోస్తుంది?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ఒక చక్రం గాడిలోకి జారి వేలాడినప్పుడు ఆ సపోర్ట్ ఏమవుతుందో ముందు అడగాలి. ఎయిర్ బ్యాగులతో (ప్రమాదంలో విచ్చుకునేవి కావు, వెనక బరువు మోసే గాలి నింపిన రబ్బరు సంచులు) చాలాకాలం తిరిగి, ఒకటి తెగి, పద్ధతి మార్చి మళ్లీ బిగించుకున్నాక ఈ మాట రాస్తున్నాను. ఎయిర్ బ్యాగులంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కాకపోతే ఆ ఇష్టం బ్యాగు మీద కన్నా దాని కింద ఉండే గిన్నె మీద ఎక్కువ.

మాది నర్సంపేట వైపు. మిర్చి, కొంత మొక్కజొన్న. చేనుకు పోయే బాటంతా నల్లరేగడి. వానాకాలం ట్రాక్టర్లు తొక్కి తొక్కి రెండు పక్కలా గాడులు పడతాయి, నడుమ గడ్డి కట్ట లేచి ఉంటుంది. ఆ కట్టకు బండి అడుగు రాసుకుంటోందనే బండిని రెండంగుళాలు ఎత్తించాను. వెనక కమాన్ పట్టీలు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలు, మొత్తం మార్చి, పొడుగు షాకబ్జర్లు వేశారు. బాటతో బాధ తీరింది. అయితే ఎత్తు కోసం వేసిన ఆ పట్టీలు మెత్తటివి. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు వేస్తే వెనక భాగం కూర్చుండిపోయేది. మిర్చి బస్తా 40, 45 కిలోలు ఉంటుంది, ఇరవై వేస్తే 900 కిలోల దాకా అవుతుంది. ఆర్సీలో రాసిన బరువు లోపలే. అయినా ముక్కు పైకి లేచి హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల మీద పడేవి. తెల్లవారుజామున వరంగల్ రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి లారీవాడూ డిప్పర్ కొట్టేవాడు.

ముందు ఒక పట్టీ ఎక్కువ వేయించి చూశాను. లోడుతో బాగానే ఉంది. మార్కెట్లో దించేసి ఖాళీగా తిరిగొస్తుంటే మాత్రం ప్రతి గుంతా నడుముకు తెలిసేది. వెనక సీట్లో కూర్చున్న బాపు రెండోసారికే, "ముందట కూసోబెడితే కూసోబెట్టు, లేకుంటే నేను బస్సుల వస్త" అన్నాడు. నాకు గట్టి లోడు ఉండేది ఫిబ్రవరి నుంచి మే దాకా. మిగతా ఏడాదంతా బండి ఎక్కువగా ఖాళీయే. అదనపు పట్టీ అలా లోడు చూసి మెత్తబడదు, ఏడాది పొడుగునా అంతే గట్టిగా ఉంటుంది. తీయించేశాను.

ఎయిర్ బ్యాగుల సుఖం ఇక్కడే. ఛాసిస్‌కూ వెనక హౌసింగ్‌కూ (రెండు వెనక చక్రాలను కలిపే యాక్సిల్ గొట్టం) నడుమ, పక్కకొకటి చొప్పున రెండు రబ్బరు బ్యాగులు. నంబర్ ప్లేటు దగ్గర బండి టైరుకు ఉండేలాంటి రెండు వాల్వులు. ఖాళీ బండికి 5 పీఎస్ఐ, బస్తాలు వేశాక నాకైతే 50 దగ్గర. గాలి కొడుతుంటే వెనక భాగం మెల్లగా లేచి బండి సమంగా నిలబడుతుంది. డిప్పర్లు ఆగిపోయాయి. ఒకటే గాలిపైపు వేసి రెండు బ్యాగులకూ చీల్చేవాళ్లు ఉంటారు, అది వద్దు. మలుపులో బరువు పడిన వైపు బ్యాగులోని గాలి రెండో దాంట్లోకి పోయి బండి ఇంకా ఒరుగుతుంది. వాల్వులు విడివిడిగానే ఉండాలి. ఇంకో చిన్న సంగతి. బ్యాగులో పట్టే గాలి తక్కువ కాబట్టి గేజి పెట్టి తీసిన ప్రతిసారీ రెండు మూడు పీఎస్ఐ పోతుంది. ఊరికే కొలుస్తూ కూర్చుంటే కొలవడంతోనే సగం దిగుతుంది.

మొదటి సీజన్ నిండా ఎవరడిగినా ఎయిర్ బ్యాగులే వేయించుకోండని చెప్పాను.

తర్వాతి సీజన్‌లో ఒక సాయంత్రం చేనులో బస్తాలు వేసుకుని బయల్దేరాం. కాలువ గట్టు ఎక్కి దిగే మలుపు దగ్గర ముందు కుడి చక్రం గట్టు ఎక్కింది, వెనక కుడి చక్రం గాడిలోకి జారి వేలాడింది. టప్‌మని చప్పుడు, ఆ వెంటే సుయ్‌మని గాలి. బండి ముందుకు కదిలి బరువు మళ్లీ ఆ చక్రం మీద పడగానే ఇనుమును ఇనుముతో కొట్టినట్టు ఠంగున మోగింది. దిగి సెల్‌ఫోన్ లైటుతో చూస్తే కుడివైపు బ్యాగు రబ్బరు అడుగు రింగులోంచి ఊడొచ్చి వేలాడుతోంది. ఎడమ బ్యాగు నిండుగా, కుడిది ఖాళీగా. బండి కుడివైపు ఒరిగిపోయింది.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఒకటే మాట చెప్పాడు. "అన్నా, రెండో బ్యాగుల గాలి గూడ తీసెయ్యి. ఒక్క దిక్కు గాలితోని రోడ్డెక్కకు, పల్టీ కొడ్తది." సన్న పుల్లతో వాల్వు పిన్ను నొక్కి పట్టుకుంటే గాలంతా పోయి బండి కమాన్ల మీద కూర్చుంది, వంకర తగ్గింది. సగం బస్తాలు పక్క చేను వాళ్ల ట్రాక్టర్ ట్రాలీలోకి మార్చి, మొదటి గేరులోనే ఇంటికొచ్చాం. మంచి రేటున్న పొద్దు మార్కెట్‌కు పోలేకపోయామన్న బాధ అప్పుడు చాలా ఉండింది.

మర్నాడు వరంగల్ ఆటోనగర్‌లో మెకానిక్ ఛాసిస్‌కు జాకీ పెట్టి చక్రాలు రెండూ వేలాడదీసి చూపించాడు. తెగకుండా మిగిలిన ఎడమ బ్యాగు, రెండు ఉంగరాల్లా ఉబ్బి ఉండాల్సింది, ముడతలన్నీ పోయి సాగదీసిన మేజోడులా బిగుసుకుపోయింది. కారణం అక్కడే కనిపించింది. మొదట బిగించిన షాపువాళ్లు మామూలు ఎత్తు బండికి వేసే కిట్‌నే పైనా కిందా బోల్టులతో బిగించేశారు. పట్టీలు మార్చి ఎత్తడం వల్ల ఖాళీగా నిలబడ్డప్పుడే బ్యాగు రెండంగుళాలు సాగి ఉంది. పొడుగు షాకబ్జర్లు చక్రాన్ని ఇంకా కిందికి దిగనిస్తాయి. ఇక సాగడానికి రబ్బరులో ఏమీ మిగలలేదు. చక్రం కిందికి పోకుండా ఆపే పని షాకబ్జర్ చేయాల్సింది, పాపం బ్యాగు చేస్తోంది. పైగా బ్యాగు బ్రాకెట్‌కు జాగా కోసం ఒరిజినల్ బంప్ రబ్బర్లు (హౌసింగ్ పైకొచ్చి ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఉండే రబ్బరు దిమ్మెలు) తీసేశారు. అందుకే బ్యాగు తెగగానే ఇనుము ఇనుమును తాకింది. బ్యాగు నాణ్యతను నేను తప్పుపట్టను. అమరికలోనే లోపం.

ఇప్పుడున్న అమరికలో బ్యాగు పైభాగం ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. అడుగు మాత్రం గిన్నెలాంటి సీటులో ఊరికే కూర్చుంటుంది, బోల్టు లేదు. దీన్ని క్రేడిల్ అంటారు. చక్రం వేలాడితే గిన్నె కిందికి దిగిపోతుంది, బ్యాగు పైనే ఉండిపోతుంది. చక్రం పైకి రాగానే మళ్లీ వచ్చి గిన్నెలో కూర్చుంటుంది. పెరిగిన ఎత్తుకు సరిపడా గిన్నె కింద రెండంగుళాల స్పేసర్, అంటే సందు నింపే దిమ్మె, పెట్టారు. బ్యాగులు కూడా లోపల రబ్బరు దిమ్మె ఉన్న రకం తీసుకున్నాను. గాలి మొత్తం పోయినా బండి ఆ దిమ్మె మీద నిలబడుతుంది. అదే గట్టు, అదే మలుపు. చక్రం వేలాడుతుంటే వంగి చూశాను. బ్యాగుకూ గిన్నెకూ నడుమ నాలుగు వేళ్ల సందు కనిపిస్తుంటే కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

అలాగని బాధలే లేవని కాదు. బ్యాగు తిరిగి గిన్నెలో కూర్చునేటప్పుడు టక్‌మని చప్పుడొస్తుంది, కొత్తలో ప్రతిసారీ టెన్షనే. రేగడి మట్టి గిన్నెలో చేరి ఎండితే రాయిలా గట్టిపడి రబ్బరును ఒరుస్తుంది. వానల్లో చేను నుంచి రాగానే అక్కడ నీళ్లు కొట్టాల్సిందే. ఖాళీ బండి మెత్తగా ఉంటుందని అప్పట్లో అందరికీ చెప్పాను గానీ, 5 పీఎస్ఐ దగ్గర కూడా బ్యాగులు లేనంత మెత్తగా ఉండదు. అదనపు పట్టీతో పోలిస్తే మాత్రం చాలా నయం. బాపు మళ్లీ వెనక సీట్లో కూర్చుంటున్నాడు.

బ్రేకుల సంగతి విడిగా చెప్పాలి, దీన్ని షాపుల్లో పెద్దగా చెప్పరు. చాలా పికప్‌లలో వెనక హౌసింగ్‌కు ఒక రాడ్‌తో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వు ఉంటుంది. వెనక భాగం ఎంత కిందికి కూర్చుందో చూసి వెనక బ్రేకులకు అంత ప్రెషర్ పంపుతుంది. బండి ఎత్తితే, లేదా బ్యాగులు వెనక భాగాన్ని పైకి పట్టుకుంటే, బస్తాలు ఉన్నా బండి ఖాళీ అనుకుంటుంది. వెనక బ్రేకు తగ్గుతుంది, భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. నా బండికి రాడ్ బ్రాకెట్‌ను ఎత్తుకు తగ్గట్టు సరిచేయించాను. అందుకే లోడు వేశాక వెనక భాగాన్ని పూర్తిగా పైకి లేపను. ఖాళీగా ఉన్నప్పటి కన్నా కొంచెం కిందికి కూర్చునే దాకానే గాలి కొడతాను. హెడ్‌లైట్లు దారికొస్తే చాలు.

బరువు సంగతి కూడా అంతే. బ్యాగులు వేసినంత మాత్రాన ఆర్సీలోని మొత్తం బరువు పరిమితి పెరగదు. కమాన్ పట్టీ తన రెండు కొనల దగ్గర ఛాసిస్‌కు బరువు పంచుతుంది. బ్యాగు అదే బరువును నడుమ ఒక్క చోట మోపుతుంది. బరువంతా యాక్సిల్ వెనకకు వేలాడేలా వేసి గుంతల్లో తోలితే ఛాసిస్ వంగే ప్రమాదం ఉంది. నేను బస్తాలు క్యాబిన్‌కు ఆనించి మొదలుపెడతాను, డోరు వైపు పలచగా వేస్తాను. బండి మార్పుల గురించి మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. ఎత్తు పెంచే ముందే ఆర్టీఏలో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి చూసుకోవడం మంచిది.

మరి ఎవరికి ఏది? బండి ఎత్తింది బ్లాకులతోనా, పట్టీలతోనా అన్నది ముందు చూడండి. బ్లాకు అంటే ఎత్తు కోసం పెట్టే దిమ్మె, అది హౌసింగ్‌కూ పట్టీకీ నడుమ కూర్చుంటుంది కాబట్టి పట్టీ మీది నుంచి ఛాసిస్‌కు ఉండే సందు మారదు. బ్యాగు బ్రాకెట్ పట్టీ మీదే కూర్చునే రకమైతే మామూలు కిట్ సరిపోవచ్చు. నాలాగా పట్టీలే మార్చి ఎత్తితే సందు పెరుగుతుంది, స్పేసర్, క్రేడిల్ లేకుండా బిగించనివ్వకండి. రోజూ ఒకే లోడు మోసే బండికి గాలి గొడవ దేనికి, బరువుకు తగ్గ గట్టి పట్టీల సెట్టే మేలు. బంప్ రబ్బరు స్థానంలో వేసే రబ్బరు సపోర్ట్‌లు కూడా ఉన్నాయి. ఒక కొన వదిలే ఉంటుంది కాబట్టి చక్రం వేలాడినా వాటికేమీ కాదు, పంక్చర్ భయమూ లేదు. ఎత్తు పెరిగిన బండిలో మాత్రం స్పేసర్ వేయకపోతే వెనక భాగం బాగా కూర్చున్నాక గానీ అవి తాకవు.

మా బావమరిది పరకాల దగ్గర ఉంటాడు, అతని బండి బ్లాకులతో ఎత్తింది. పొలం దాకా తారురోడ్డే. అతనికి ఆ రబ్బరు సపోర్ట్‌లే చాలన్నాను. నాకు మాత్రం ఆ కాలువ గట్టు ఉన్నంతకాలం గిన్నె మీది బ్యాగులే.