దగ్గరి మాటల తేడా చెప్పే నిఘంటువు

ఇంగ్లీషులో పర్యాయపదాల పుస్తకాలు రెండు రకాలు. మొదటి రకం ఒక మాటకు దగ్గరగా ఉండే ఇరవై మాటలను వరుసగా చూపించి ఊరుకుంటుంది. రెండో రకం ఆ మాటలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో వివరిస్తుంది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చెందిన మెరియమ్-వెబ్‌స్టర్ సంస్థ వెలువరించిన పర్యాయపద నిఘంటువు ఈ రెండో రకానిది. 1942లో తొలిసారి అచ్చయి, 1968లో సవరణ పొందిన ఈ గ్రంథం, ఇంగ్లీషు ధారాళంగా చదవగలిగినా రాయడానికి కూర్చున్నప్పుడు ఏ మాట వాడాలో తేల్చుకోలేని వారికి నేటికీ అక్కరకు వస్తుందని నా అభిప్రాయం.

దీని పనితీరు తెలియాలంటే ‘ఫేమస్’ అనే మాట దగ్గర తెరిచి చూడాలి. రినౌన్డ్, సెలబ్రేటెడ్, నోటెడ్, నొటోరియస్, డిస్టింగ్విష్డ్, ఎమినెంట్, ఇలస్ట్రియస్ వంటి మాటలను దానితో ఒకచోట చేర్చి, నలుగురికీ తెలిసి ఉండటమనే ఉమ్మడి అర్థాన్ని ముందుగా చెప్పి, ఆ తర్వాత ఒక్కొక్కదాన్నీ విడదీస్తుంది. ఫేమస్ అంటే చాలామందికి తెలియడం, అంతే. ఆ పేరు కొన్నాళ్లకే మాసిపోయేదైనా కావచ్చు. రినౌన్డ్‌లో కీర్తి పాలు ఎక్కువ. సెలబ్రేటెడ్ అన్నప్పుడు ముఖ్యంగా అచ్చులో పదేపదే ప్రస్తావనకు రావడం స్ఫురిస్తుంది. డిస్టింగ్విష్డ్ అనిపించుకోవాలంటే ఆ వ్యక్తి గొప్పతనాన్ని ఇతరులు ఒప్పుకొని ఉండాలి, ఎమినెంట్ అంతకంటే ఒక మెట్టు పైన ఉంటుంది, ఇలస్ట్రియస్‌లో చిరకాలం నిలిచే గౌరవం ధ్వనిస్తుంది. ఇక నొటోరియస్‌లో పేరుతో పాటు మచ్చ కూడా ఉంటుంది. పేరుమోసిన దొంగను ఫేమస్ అన్నా పెద్దగా ఎవరూ తప్పు పట్టరు గాని, మంచి శాస్త్రవేత్తను నొటోరియస్ అంటే అది నిందే అవుతుంది. రెండు మాటలు దగ్గరివైనంత మాత్రాన వాటి మధ్య రాకపోకలు రెండు వైపులా సాగవని ఇలాంటి చోటే బోధపడుతుంది.

కంటిన్యువల్, కంటిన్యువస్ అనే జంట మరీ చిక్కైనది. మొదటిది మధ్యమధ్య ఆగినా మళ్లీ మళ్లీ జరుగుతూ ఉండేదానికీ, రెండోది ఎక్కడా తెగకుండా సాగేదానికీ తరచుగా వాడతారు: సమావేశానికి ఆటంకాలు కలుగుతూనే ఉంటే అవి కంటిన్యువల్, నేలపై తెగకుండా గీసిన గీత కంటిన్యువస్. అదే గుంపులోని పెరెన్నియల్ దగ్గరకు వచ్చేసరికి, ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టుకొస్తూ నిలిచి ఉండటమనే మరో ఛాయ చేరుతుంది. మొండితనానికి సంబంధించిన అబ్‌స్టినేట్, స్టబ్బర్న్, డాగ్డ్ మాటల విషయంలోనూ ఇదే శ్రద్ధ కనిపిస్తుంది. వాటిలో డాగ్డ్ పట్టుదలను మెచ్చుకోవడానికి కూడా పనికివస్తుందని తెలియక, దాన్ని తిట్టుగా మాత్రమే వాడేవారున్నారు.

పర్యాయపదాల పుస్తకమనగానే అందరికీ గుర్తుకొచ్చే రోజె థెసారస్ 1852లో వెలువడింది. వృత్తిరీత్యా వైద్యుడైన పీటర్ మార్క్ రోజె మాటలను అక్షరక్రమంలో కాక భావాల వారీగా, వెయ్యి శీర్షికల కింద అమర్చాడు. అయితే ఆ మాటల మధ్య తేడాలు చెప్పడం వేరే పని అనీ, దాని జోలికి తాను పోవడం లేదనీ ముందుమాటలోనే స్పష్టం చేశాడు. ఆ వేరే పనికి అప్పటికే కొంత చరిత్ర ఉంది. హెస్టర్ పియోట్జీ 1794లోనే ఇంగ్లీషు పర్యాయపదాలను విడమరిచి రెండు సంపుటాలు ప్రచురించి, వాటిని ఇంగ్లీషు సాహిత్యాన్ని శ్రద్ధగా చదివే విదేశీ మిత్రులకు అంకితమిచ్చింది. ఇంగ్లీషు మాతృభాష కానివారి ఇబ్బందిని అంత ముందుగా పట్టించుకున్న రచయిత్రిని ఈ రోజు పెద్దగా ఎవరూ తలచుకోకపోవడం నాకు వింతగా తోస్తుంది. జార్జ్ క్రాబ్ గ్రంథం 1816లో వచ్చింది. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు పీఠికలో ఈ చరిత్ర అంతా వివరంగా ఉంది. కొన్నవారు దాటవేయకుండా చదవదగిన భాగమది.

పుస్తకంలో నాకు నచ్చనివీ లేకపోలేదు. ఉదాహరణ వాక్యాలలో ఎక్కువ భాగం పాత తరం రచయితలవి కావడం వల్ల, ఈనాటి ఉత్తరప్రత్యుత్తరాలలో ఆ మాట ఎలా పలుకుతుందో వాటి ద్వారా అంచనా వేయడం కష్టం. ఏ మాట ఏ మాటతో జతకడుతుందన్నది ఉదాహరణల నుంచి మనమే ఏరుకోవాలి తప్ప, విడిగా చెప్పరు. చాలా మాటల దగ్గర వివరణ ఉండదు, గుంపు మొత్తానికీ వివరణ ఉన్న ప్రధానపదం వైపు చూపే నక్షత్రపు గుర్తు మాత్రమే ఉంటుంది. కాబట్టి పుటలు ముందుకూ వెనక్కూ తిప్పక తప్పదు. అలా వెళ్లిన చోట వెతుకుతున్న మాట ఒక్కదాన్నే చూసి మూసేస్తే ప్రయోజనం సగమే, ఎందుకంటే పక్క మాటల వివరణతో పోల్చినప్పుడే తేడా బయటపడుతుంది.

తొందరలో ఉన్నవారికి ఇదే సంస్థ వెబ్‌సైటులో పలు మాటల కింద ఉచితంగా కనిపించే చిన్న పేరాలు సరిపోతాయి, కాకపోతే అచ్చు పుస్తకంలోని విస్తారమైన ఉదాహరణలు వాటిలో ఉండవు. అనువాదకులకూ, ఇతరుల రాతప్రతులు దిద్దేవారికీ అచ్చు పుస్తకమే కొనమని చెబుతాను. ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారు మాత్రం, వాడుక వాక్యాలు ఎక్కువగా ఇచ్చే విద్యార్థి నిఘంటువు ఒకటి ముందు సంపాదించుకొని, దీనిని తర్వాతి కొనుగోలుగా పెట్టుకోవడం మేలు.