మదురైలో రెండు దారులు

1606లో ఇటలీకి చెందిన జెసూయిట్ (యేసు సభ అనే కాథలిక్ సంఘపు) పాదిరి రాబర్టో డి నోబిలి మదురై చేరేసరికి అక్కడ పోర్చుగీసు పాదిరి గొన్సాలో ఫెర్నాండెజ్ ఏళ్ల తరబడి పనిచేస్తున్నాడు. ఆయన మాంసాహారం, విదేశీ అలవాట్లు చూసి అగ్రవర్ణాలవారు క్రైస్తవం పరంగుల (యూరోపియన్ల) మతమని దూరం జరిగారు. పరవ జాలరులకు ఆయన చేసిన సేవ మాత్రం తక్కువది కాదు.

నోబిలి కావి కట్టాడు, చెక్క పాదుకలు తొడిగాడు, మాంసం మానేశాడు. తమిళం, సంస్కృతంతో పాటు నాయక రాజుల తెలుగూ నేర్చుకున్నాడు. వినేవారి భాషలోనే చెప్పాలన్న ఆ పట్టుదల నాకెంతో ఇష్టం. క్రైస్తవంలోకి వచ్చిన అగ్రవర్ణాలవారు జంధ్యం, పిలక ఉంచుకోవచ్చా అన్న వివాదంలో 1623లో పోపు 15వ గ్రెగొరీ ఆయన వైపే మొగ్గాడు. కానీ నోబిలి కులభేదాన్నీ అంగీకరించడం నన్ను బాధిస్తుంది. ఒకే ఊళ్లో, ఒకే విశ్వాసం ఉన్న జాలరులు ఒక గుడిలో, ఈ అగ్రవర్ణ క్రైస్తవులు మరో గుడిలో ప్రార్థించారు.